తపాలా బిళ్ల తెచ్చిన బడిపంతులు – సర్ రోలాండ్ హిల్

ఉత్తరం రాసినవాడు కాక, అందుకున్నవాడు డబ్బు కట్టే రోజులు ఇంగ్లండులో ఉండేవి. 1830లలో లండన్ నుంచి ఎడిన్‌బరోకు ఒక్క కాగితం ఉత్తరం వెళ్లాలంటే 13 పెన్నీల పైనే అయ్యేది. రెండు కాగితాలైతే రెట్టింపు. కవరులో పెడితే ఆ కవరునూ ఒక కాగితం కిందే లెక్క కట్టేవారు. పోస్టుమ్యాన్ గుమ్మంలో నిలబడితే, లోపలున్నది శుభవార్తో చావుకబురో తెలియకముందే కూలివాడు జేబు తడుముకోవాలి. డబ్బు లేక ఉత్తరాన్ని వెనక్కి పంపేసినవాళ్లు ఎందరో. పార్లమెంటు సభ్యులకు మాత్రం ఉచితం!

ఈ పద్ధతిని మార్చినవాడు తపాలా శాఖలో ఉద్యోగి కాడు. ఒక బడిపంతులు. ఆయనే రోలాండ్ హిల్.

1795 డిసెంబరు 3న కిడ్డర్‌మిన్‌స్టర్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి థామస్ రైట్ హిల్ చిన్న బడి నడిపేవాడు. ఇంట్లో ఎప్పుడూ డబ్బుకు కటకటే. ఉత్తరం వస్తే ఎక్కడి నుంచి తెచ్చి కట్టాలా అని తల్లి భయపడేదట. ఆ డబ్బు కోసం పాత గుడ్డల మూట ఇచ్చి అమ్ముకురమ్మని కొడుకును బజారుకు పంపిన రోజు కూడా ఉంది. ఆ కాలంలో కాగితం పాత గుడ్డలతోనే చేసేవారు. మున్ముందు కాగితంతోనే ఈ కుర్రవాడి పేరు ముడిపడింది. పన్నెండేళ్ల వయసుకే తండ్రి బడిలో తనకంటే చిన్నవాళ్లకు పాఠాలు చెప్పడం మొదలుపెట్టాడు.

హాస్టల్లో పెరిగిన మనం ఆయన జీవితంలో ముందుగా తెలుసుకోవలసింది బిళ్ల గురించి కాదు, బడి గురించి. 1819లో బర్మింగ్‌హామ్ దగ్గర హేజిల్‌వుడ్ అనే వసతి పాఠశాలకు భవనం నమూనా ఆయనే గీశాడు. అక్కడ బెత్తం లేదు. నియమాలు చేసేది విద్యార్థులు ఎన్నుకున్న కమిటీ. తప్పు చేసినవాణ్ణి విచారించేదీ విద్యార్థుల కోర్టే. పిల్లలే అక్షరాలు పేర్చి సొంత పత్రిక అచ్చువేసుకునేవారు. రెండు వందల ఏళ్ల కిందట ఇది! మన మెస్ కమిటీకి ఇప్పటికీ మెనూ మార్చే అధికారం లేదని అన్నలకు వేరే చెప్పాలా?

తర్వాత కొన్నాళ్లు దక్షిణ ఆస్ట్రేలియాలో వలస ఏర్పాటు చేసే సంఘానికి కార్యదర్శిగా పనిచేశాడు. ఆ వలస లేచింది అక్కడి ఆదివాసుల నేల మీద. మహనీయుల చరిత్రల్లో ఇలాంటివి వదిలేస్తుంటారు గాని వదలకూడదు.

1837లో తపాలా సంస్కరణ మీద ఒక చిన్న పుస్తకం రాశాడు. లండన్ నుంచి ఎడిన్‌బరోకు ఒక ఉత్తరాన్ని మోసుకుపోవడానికి నిజంగా అయ్యే ఖర్చు పెన్నీలో 36వ వంతేనని లెక్కగట్టాడు. మిగతా సొమ్ము పన్నుకూ, ప్రతి ఉత్తరానికీ దూరం, కాగితాలు లెక్కపెట్టి గుమ్మం దగ్గర వసూలు చేసే శ్రమకూ పోతోంది. కాబట్టి దూరం లెక్క తీసేసి, బరువును బట్టి ఒకే ధర పెట్టి, పంపేవాడి దగ్గరే ముందుగా తీసుకోవాలన్నాడు. తపాలా అధికారులు నవ్వారు. వ్యాపారులు, జనం వేలాది అర్జీలు పెట్టారు. 1839లో చట్టమైంది. 1840 జనవరి 10 నుంచి దేశంలో ఎక్కడికైనా అర ఔన్సు ఉత్తరానికి ఒక్క పెన్నీ.

అసలు చిక్కు ఇక్కడే మొదలైంది. ముందే డబ్బు కట్టినట్టు రుజువు చిన్న కాగితం ముక్క. దాన్ని ఎవడైనా దొంగగా అచ్చువేస్తే? వాడిన బిళ్లను కడిగి మళ్లీ అంటిస్తే? బిళ్ల మీది బొమ్మ కంటే ఈ భయమే హిల్‌ను ఎక్కువగా పీడించింది. 1840 మేలో వచ్చిన పెన్నీ బ్లాక్ బిళ్ల మీద విక్టోరియా రాణి బొమ్మ అందరికీ కనిపిస్తుంది. కాగితంలో దాగిన చిన్న కిరీటం గుర్తు మాత్రం వెలుతురుకు పట్టి చూస్తేనే కనిపిస్తుంది. ఈ గుర్తునే వాటర్‌మార్కు అంటారు. అదే ఏడాది వచ్చిన ముల్‌రెడీ కవర్లకు పట్టుదారాలు ఇమిడిన డికిన్సన్ కాగితం వాడారు. ఆ కవరు మీది బొమ్మను జనం ఎంత వెక్కిరించారంటే, దాన్ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

నల్ల బిళ్ల మీద కొట్టే ఎర్ర ముద్ర సులువుగా చెరిగిపోతోందని తేలింది. దాంతో 1841లో బిళ్లను ఎరుపు చేసి, ముద్రను నలుపు చేశారు. ఆ ఎర్ర సిరాలోని రసాయనం కాగితానికి నీలిఛాయ తెచ్చింది. ఈనాడు సేకర్తలు పెన్నీ రెడ్ బిళ్లను తిరగేసి కాగితం నీలమా తెలుపా అని చూసేది అందుకే. నీలిఛాయ ఉంటే తొలి కాలపుది. ఒకప్పటి దొంగల భయం ఇప్పుడు తేదీ చెప్పే ఆనవాలైంది.

ఒక్క ఏడాదిలో ఉత్తరాల సంఖ్య సుమారు 7 కోట్ల 60 లక్షల నుంచి 16 కోట్ల 90 లక్షలకు పెరిగింది. ఆదాయం మాత్రం పడిపోయింది. శత్రువులకు అంతే చాలు. 1842లో ప్రభుత్వం ఆయన్ను ఇంటికి పంపింది. జనం చందాలు పోగుచేసి 13,000 పౌండ్లు కానుకగా ఇచ్చారు. 1846లో మళ్లీ పిలిపించారు. 1854లో తపాలా శాఖ కార్యదర్శి అయ్యాడు.

సరిగ్గా ఆ ఏడాదే, అక్టోబరులో, మన దేశమంతటా బిళ్లలు వచ్చాయి. పావు తులం ఉత్తరానికి దూరంతో పని లేకుండా అర అణా. వాటిని అచ్చువేసింది ఎవరనుకున్నారు? కలకత్తాలో దేశపటాలు అచ్చువేసే సర్వే కార్యాలయం, కెప్టెన్ థ్విలియర్ ఆధ్వర్యంలో. మన ఉప్పల్‌లో శిక్షణ సంస్థ నడుపుతున్న సర్వే ఆఫ్ ఇండియా అదే. ఆ గేటు ముందు నుంచి రోజూ బస్సెక్కే మనవాళ్లలో ఈ సంగతి ఎందరికి తెలుసు? ఆ కాగితంలో ఈస్టిండియా కంపెనీ చిహ్నం షీటు మొత్తానికి పరుచుకుని ఉండేది. అందుకే ఒక్కో బిళ్లకు దానిలో ఒక ముక్కే దక్కుతుంది, కొన్నింటికి అదీ దక్కదు. 1869లో నిజాం రాజ్యం కూడా సొంత బిళ్ల తెచ్చింది. దాని అచ్చుపలక తయారైంది లండన్‌లో. తర్వాత్తర్వాత నిజాం బిళ్లల కాగితంలో ఉర్దూ అక్షరాల వాటర్‌మార్కు వచ్చింది.

మా నాన్న నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో పనికి కుదిరిన కొత్తలో ఊరికి కార్డులు రాయించుకునేవాడు. డబ్బు లేక రాయలేదని ఎన్నడూ అనలేదు. రాసిపెట్టేవాడు దొరకలేదనే అనేవాడు. హిల్ డబ్బు అడ్డు తీశాడు, అక్షరం అడ్డు మిగిలింది.

1864లో ఆరోగ్యం బాగాలేక పదవి వదిలాడు. 1879 ఆగస్టు 27న కన్నుమూశాడు. రాజులను పూడ్చిన వెస్ట్‌మిన్‌స్టర్ అబేలో ఆ పంతులుకూ చోటిచ్చారు.

పెన్నీ బ్లాక్ మనం కొనలేం. కానీ 1957లో నయాపైసలు వచ్చినప్పటి భారతదేశ పటం బిళ్లలు ఇప్పటికీ చవకగానే దొరుకుతాయి. నాచారంలో పాత కాగితాల కొట్టు దగ్గర ఒక కంపెనీ ఉత్తరాల కట్టలో నాకు రెండు దొరికాయి. ఒకే పటం, ఒకే రంగు. బోర్లా వేసి నల్లట్ట మీద పెట్టి ఏటవాలుగా చూడండి, లేదా ట్యూబ్‌లైటుకు పట్టి చూడండి. కాగితంలో నక్షత్రాలు కనిపిస్తే 1957 నాటి కాగితం. అశోకుడి సింహాలు కనిపిస్తే 1958 నుంచి వచ్చిన కాగితం.