సగంలో ఆగిన చదువు

మా కోరుకొండలో నరసింహస్వామి కొండ మెట్లు ఎక్కేటప్పుడు సగందారిలో కూలబడే ఆడవాళ్లం చాలామందిమే ఉంటాం. కాసేపు ఆయాసం తీర్చుకుని, చెంగుతో మొహం తుడుచుకుని మళ్లీ ఎక్కుతాం. సగంలో ఆగావు కదా, ఇంక దిగిపో అని ఎవరూ అనరు. అదేం చిత్రమో గానీ, చదువు సగంలో ఆగిన ఆడపిల్లని మాత్రం అలాగే అంటాం.

నేనూ అన్నాను. మా వీధిలో ఒక కోడలుపిల్ల ఉంది. తొమ్మిదో తరగతితో చదువు ఆగిపోయింది. ఆపైన పెళ్లి, ఇద్దరు పిల్లలు. జాకెట్లు కుడుతుంది, డ్వాక్రా సంఘంలో పొదుపు కడుతుంది. అంగన్‌వాడీలో ఉద్యోగం ఖాళీ పడిందంటే ఎంతో ఆశపడింది. తీరా పదో తరగతి పాసై ఉండాలన్నారు. ఆ సాయంత్రం మా అరుగు మీద కూర్చుని, ఇప్పుడు పదికి కట్టొచ్చా అక్కా, మీరు కాస్త చెబుతారా అని అడిగింది. డిగ్రీ చదివి, కథలు రాసుకునే నేను, ఇద్దరు పిల్లలతో ఇప్పుడెందుకులే అనేశాను. పాపం, మారుమాట లేకుండా వెళ్లిపోయింది.

ఆ రాత్రి నాకు నిద్రపడితే ఒట్టు! మనకి ఇరవై కిలోమీటర్ల దూరంలో, రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు పదేపదే గుర్తొచ్చారు.

ఆవిడ పుట్టింది 1909 జులై 15న. ఎనిమిదేళ్లకే పెళ్లి చేసేశారు. ఊహ తెలిశాక ఆ కాపురం తనకొద్దని చెప్పి, భర్తని మరో పెళ్లి చేసుకోమన్నారు. ఆ రోజుల్లో ఎంత ధైర్యం కావాలో మనకి తెలియనిది కాదు. 1921లో గాంధీగారు కాకినాడ వచ్చినప్పుడు ఆవిడకి ఇంకా పన్నెండేళ్లు నిండలేదు. దేవదాసీలనీ, ఘోషాలో ఉండే ముస్లిం స్త్రీలనీ ఆయన సమక్షానికి తీసుకెళ్లాలని పట్టుబట్టింది ఆ చిన్నపిల్ల. 5 వేల రూపాయల నిధి ఇస్తేనే వీలవుతుందంటే, ఆ స్త్రీలే తలో చెయ్యీ వేసి పోగుచేశారు. 1923 కాకినాడ కాంగ్రెసులో వలంటీరుగా ఉండి, టికెట్టు లేదని నెహ్రూనే గుమ్మంలో ఆపేసిన సంగతి మనమందరం విన్నదే.

ఉప్పు సత్యాగ్రహంతో మొదలుపెట్టి మూడుసార్లు జైలుకెళ్లారు. మధుర జైల్లో ఏకాంత ఖైదు అనుభవించారు. చదువూ, చట్టం తెలియక శిక్షలు పడ్డ ఆడఖైదీలని అక్కడే చూశారు. బయటికొచ్చాక ఆవిడ చేసిన మొదటి పని ఏమిటనుకుంటున్నారు? పుస్తకం పట్టుకోవడం! చిన్నప్పుడే బడి మానేసిన మనిషి, పాతికేళ్ల వయసులో కాశీ విశ్వవిద్యాలయానికి ప్రైవేటుగా మెట్రిక్ కట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బి.ఎ., మద్రాసులో లా పూర్తిచేసి 1942లో లాయరయ్యారు.

తను ఎక్కి ఊరుకోలేదు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టారు. చదువు ఆగిపోయిన ఆడవాళ్లని అదే కాశీ మెట్రిక్‌కి తయారుచెయ్యడం అక్కడి తొలి పనుల్లో ఒకటి. రాజ్యాంగ సభకి వెళ్లినప్పుడు ఆడవాళ్లకి ఆస్తిహక్కు ఉండాలని వాదించారు. వాదించినంతలో హక్కులు రాలేదు లెండి. వారసత్వ చట్టం 1956లో వచ్చినా, ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతోనే సమాన వాటా అన్నది మన రాష్ట్రంలో 1985లో, దేశమంతటికీ 2005లో గానీ అమలుకి రాలేదు. అది చూడకుండానే, 1981లో ఆవిడ కన్నుమూశారు.

1952 ఎన్నికల్లో ఓడిపోయినా, ప్రణాళికా సంఘంలో సభ్యురాలయ్యారు. ఆనకట్టలూ, ఫ్యాక్టరీలూ అని లెక్కలు వేసుకునే చోట కూర్చుని, ఆడవాళ్ల సంగతేమిటని అడిగారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడితే దానికి తొలి అధ్యక్షురాలయ్యారు. మొదటి ప్రణాళికలో ఆ బోర్డుకి కేటాయించింది 4 కోట్ల రూపాయలు. ఆ బోర్డు ద్వారానే 1958లో రెండు పథకాలు మొదలయ్యాయి. ఒకటి, పేద స్త్రీలకి నాలుగు డబ్బులు వచ్చే పని చూపించడం. రెండోది, చదువు మానేసిన పెద్దవయసు ఆడవాళ్లకి ఏళ్ల తరబడి చదవాల్సిన చదువుని రెండేళ్లలో చెప్పించి పరీక్షకి కూర్చోబెట్టడం. అలా చదివినవాళ్లు నర్సులూ, టీచర్లూ, గ్రామసేవికలూ కావాలని ఉద్దేశం. ఊరికి మంత్రసాని బదులు నర్సు కావాలంటే, ఆ నర్సు ఎక్కడినుంచి వస్తుంది? మన వంటిళ్లలోంచే కదూ! అదీ ఆవిడ లెక్క.

దేశం బాగుపడ్డాక ఆడవాళ్ల సంగతి చూద్దాం అనేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. దుర్గాబాయి గారి జీవితం ఆ వరసని తిరగేస్తుంది. సగంమంది చేతులు కట్టేసి ఇల్లే గడవదు, దేశం ఎలా గడుస్తుంది? 2023లో అమెరికా ఆర్థికవేత్త క్లాడియా గోల్డిన్‌కి నోబెల్ బహుమతి వచ్చింది కూడా ఆడవాళ్ల ఉద్యోగాలూ, సంపాదనల చరిత్ర మీద చేసిన పరిశోధనకే.

మర్నాడు పొద్దున్నే వాళ్లింటికి వెళ్లాను. అత్తగారు ముందు ససేమిరా అన్నారు. కుట్టుపని ఎవరు చేస్తారు, పిల్లల్ని ఎవరు చూస్తారు అన్నారు. ఆవిడ బాధా అబద్ధం కాదు. ఆ జాకెట్ల డబ్బులతోనే కదా ఇంట్లోకి పాలు వచ్చేది! చివరికి మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక్క గంట అని ఒప్పుకున్నారు. ఆ గంటసేపూ పిల్లలు మా ఇంట్లోనే ఆడుకుంటారు. ఓపెన్ స్కూల్లో చేర్పించాం.

ఆ అంగన్‌వాడీ ఉద్యోగం ఇంకెవరికో వెళ్లిపోయింది. మళ్లీ ఎప్పుడు ఖాళీ పడుతుందో తెలీదు. లెక్కలంటే తనకే కాదు, నాకూ భయమే. ఇద్దరం కుస్తీ పడుతున్నాం. కానీ మొన్న సంఘం అప్పు పుస్తకంలో వడ్డీ తనే లెక్కకట్టి, పొరపాటు ఎక్కడుందో పట్టుకుంది. అది చూసిన అత్తగారు ఏమీ అనలేదు గానీ, మర్నాడు మధ్యాహ్నం అంట్లు తనే తోముకున్నారు.

మీ వీధిలోనూ అలా మెట్టు మీద ఆగిపోయిన అమ్మాయి ఉండే ఉంటుంది. ఇప్పుడెందుకులే అని మాత్రం అనకండేం!