బంతాటకు అమ్మాయిల్ని పిలిచిన పంతులమ్మ

అయిదు నిమిషాలు నిటారుగా నిలబడితే చాలు, నీరసం ముంచుకొచ్చేది. పియానో నేర్చుకుందామని చేరి, వెన్నునొప్పికి తాళలేక మానేసింది. అలాంటి అమ్మాయి పెద్దయ్యాక ఆడపిల్లలకు పరుగులు పెట్టే ఆట నేర్పిందంటే నమ్ముతారా? నమ్మాల్సిందే! ఆవిడే సెండా బెరెన్సన్. ఇవాళ ఒలింపిక్స్‌లో దేశదేశాల మహిళల జట్లు తలపడుతున్న బాస్కెట్‌బాల్‌ని మొదట ఆడపిల్లల చేతికి అందించిన టీచరమ్మ.

సెండా 1868 మార్చి 19న లిథువేనియాలోని బుట్రిమోనిస్ అనే చిన్న ఊళ్లో పుట్టింది. యూదుల కుటుంబం. బతుకుతెరువు కోసం వాళ్లు 1875లో అమెరికాలోని బోస్టన్ చేరారు. తండ్రి వీధివీధీ తిరిగి తగరపు సామాన్లు అమ్మేవాడు. అన్న బెర్నార్డ్ చదువుల్లో చురుకు. తర్వాత్తర్వాత చిత్రకళా విమర్శకుడిగా ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాడు. చెల్లెలు మాత్రం ఎప్పుడూ ఏదో ఒక నలతతో మంచం పట్టేది. బడికి వెళ్లిన రోజుల కంటే వెళ్లని రోజులే ఎక్కువేమో అన్నట్టుండేది.

ఇష్టం లేకుండానే...

1890లో ఎవరో చెప్పగా బోస్టన్‌లోని వ్యాయామ శిక్షణ పాఠశాలలో చేరింది. ఇష్టపడి కాదు, ఆరోగ్యం కాస్త కుదుటపడుతుందేమోనన్న ఆశతో. అక్కడ ఏమీ హోమన్స్ అనే ప్రధానాధ్యాపకురాలు చండశాసనురాలు. స్వీడన్ పద్ధతి కసరత్తులు రోజూ చేయించేది. మొదటి వారాలు సెండాకు నరకమే. కొన్ని నెలలు గడిచేసరికి ఒంట్లోకి సత్తువ వచ్చింది. తిండి సయించింది, నిద్ర పట్టింది. ఇక తన జీవితం దీనికేనని నిశ్చయించుకుంది. ఒంటి బలహీనత ఎలా ఉంటుందో, అది పోతే ఎంత హాయిగా ఉంటుందో ఆమె అనుభవించి తెలుసుకుంది. అందుకే ఆమె పాఠం పిల్లలకు పట్టింది.

1892 జనవరిలో నార్తాంప్టన్ ఊళ్లోని స్మిత్ కాలేజీలో వ్యాయామ టీచరుగా చేరింది. అది ఆడపిల్లల కాలేజీ. అప్పటి రోజులెలాంటివి? ఆడపిల్ల ఎక్కువ చదివితే ఆరోగ్యం పాడవుతుందని, పరుగులు తీస్తే పిల్లలు పుట్టరని డాక్టర్లే చెప్పే రోజులు. అందులోనూ ఆ కసరత్తులంటే పిల్లలకు విసుగు. చెయ్యెత్తు, దించు... ఎన్నాళ్లని?

సరిగ్గా అప్పుడే, అక్కడికి దగ్గర్లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ అనే మాస్టారు కొత్త ఆట కనిపెట్టాడు. 1891 డిసెంబరులో రెండు పీచ్ పళ్ల బుట్టలు బాల్కనీ అంచుకి బిగించి, మగపిల్లల చేత బంతి వేయించాడు. ఆ సంగతి ఒక పత్రికలో చదివిన సెండాకు ఆలోచన తట్టింది. మన పిల్లలెందుకు ఆడకూడదు?

తలుపులు మూసి తొలి పోటీ

1893 మార్చి 22. స్మిత్ కాలేజీ వ్యాయామశాలలో మొదటి ఏడాది అమ్మాయిలకీ రెండో ఏడాది అమ్మాయిలకీ పోటీ. పిల్లలు పొడుగు గౌన్లు వదిలేసి బ్లూమర్లనే వదులు లాగులు తొడుక్కున్నారు కాబట్టి మగవాళ్లకు ప్రవేశం లేదు. చూడ్డానికొచ్చిన అమ్మాయిలతో హాలు కిటకిటలాడింది. సెండా బంతి పైకి విసిరింది. ఎగిరిన ఒక జట్టు నాయకురాలి చేతికి అది తగిలి, పాపం, ఆ అమ్మాయి భుజం కీలు జారిపోయింది! ఆట మొదలవకుండానే ఆగిపోవాలి. కానీ ఆగలేదు. ఆమెను పక్కకు తీసుకెళ్లి సరిచేశారు, మరొకరు ఆమె స్థానంలో దిగారు. చివరికి రెండో ఏడాది వాళ్లు 5-4తో గెలిచారు.

సెండా సంతోషించింది. అంతలోనే భయమూ వేసింది. ఇంకో రెండు ప్రమాదాలు జరిగితే చాలు, పెద్దవాళ్లు ఆట ఆపేయిస్తారు. అందుకని నిబంధనలు మార్చింది. మైదానాన్ని మూడు గళ్లుగా గీసింది. ఎవరి గడిలో వాళ్లే ఉండాలి, గీత దాటకూడదు. ఎదుటి వాళ్ల చేతిలోంచి బంతి లాక్కోకూడదు. మూడు సెకన్లకు మించి పట్టుకోకూడదు. మూడుసార్లకు మించి నేలకు కొట్టకూడదు. 1899లో ఏర్పడిన సంఘం వీటిని స్థిరపరిచింది. 1901లో సెండా సంపాదకత్వంలో పుస్తకంగా వచ్చాయి. అమెరికా అంతటా వేలాది బళ్లు ఆ పుస్తకం తెరిచి ఆట మొదలుపెట్టాయి.

గీతలు కాపాడాయా, కట్టేశాయా?

ఇక్కడే అసలు చిక్కు. ఆ గీతల వల్లే తల్లిదండ్రులు ఒప్పుకున్నారు, కాలేజీలు ఒప్పుకున్నాయి. గీతలు లేకపోతే తలుపులే తెరుచుకునేవి కావేమో. కాలేజీల మధ్య పోటీలు కూడా ఆమెకు ఇష్టం లేదు. గెలుపు పిచ్చి పడితే ఆటలోని ఆరోగ్యం పోతుందని ఆమె ఉద్దేశం. అయినా 1896లోనే కాలిఫోర్నియాలో స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ అమ్మాయిలు పోటీ పడ్డారు. స్టాన్‌ఫర్డ్ 2-1తో గెలిచింది.

1911లో సెండా తన కాలేజీలోనే ఇంగ్లీషు చెప్పే హెర్బర్ట్ అబ్బాట్‌ని పెళ్లాడి ఆ ఉద్యోగం మానేసింది. అయితే ఇంటికే పరిమితం కాలేదు. అదే ఊళ్లోని ఆడపిల్లల బడిలో 1921 వరకు వ్యాయామ శిక్షణ నడిపింది. భర్త 1929లో పోయాక కాలిఫోర్నియాలోని శాంటా బార్బరా చేరింది. 1954 ఫిబ్రవరి 16న 85 ఏళ్ల వయసులో కన్నుమూసింది. ఒకప్పుడు అయిదు నిమిషాలు నిలబడలేని మనిషి!

ఆమె పోవడానికి ఏడాది ముందు, 1953లో చిలీలో తొలి మహిళల ప్రపంచ బాస్కెట్‌బాల్ పోటీలు జరిగాయి. అక్కడ గడులు లేవు. జట్టుకి అయిదుగురు, మైదానమంతా పరుగే. అమెరికా 1953లోనూ 1957లోనూ గెలిచింది. తర్వాత సోవియట్ అమ్మాయిల హవా. 1967లో ప్రాగ్‌లో 11 జట్లు ఆడితే అమెరికాది 11వ స్థానం. స్వదేశంలో గీతల మధ్య ఆడే పిల్లలు బయటికెళ్లి మైదానమంతా ఎలా పరిగెత్తగలరు? 1938లో మూడు గళ్లు రెండయ్యాయి. చివరికి 1971లో గీతలు పూర్తిగా చెరిపేశారు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో మహిళల బాస్కెట్‌బాల్ తొలిసారి చోటు సంపాదించింది. సోవియట్ జట్టుకి బంగారం, అమెరికాకు వెండి దక్కాయి. 1985లో బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్న తొలి మహిళల్లో సెండా ఒకరు.

మరి మన సంగతి?

మన దేశపు అమ్మాయిలూ వెనకబడి లేరు. 2017 జులైలో బెంగళూరులో జరిగిన ఆసియా కప్ బి డివిజన్ ఫైనల్లో మన మహిళల జట్టు కజకిస్థాన్‌ని 75-73తో ఓడించింది. రెండంటే రెండే పాయింట్ల తేడా!

ఒక్క మాట ఆలోచించండి. గూడెం కొత్తవీధి లాంటి మన్యం ఊళ్లలో ఆడవాళ్లు కొండలెక్కి కట్టెల మోపులు దించుతారు, కాఫీ తోటల్లో పొద్దంతా పళ్లు కోస్తారు. పట్నాల్లో మనం బిందెలు మోస్తాం, ఇంటెడు చాకిరీ చేస్తాం. అప్పుడెవరూ ఆడవాళ్ల ఒళ్లు సుకుమారం అనరు. బంతి పట్టుకుని పరిగెడితేనే గుర్తొస్తుంది, ఆడపిల్ల కదా అని! పని చేసే ఒంటికి ఆడే హక్కు లేదా?

మరి సెండా గీసిన గీతలు తప్పా? ఆ రోజుకి అవి తలుపు తీసిన తాళంచెవి. కానీ ఒకరోజు అవసరానికి గీసిన గీత డెబ్భై ఏళ్లు ఉండిపోకూడదు. మన ఇళ్లలోనూ అమ్మాయి భద్రత కోసమని గీసినవి బోలెడుంటాయి. పొద్దుగూకేలోగా రావాలి, ఆ ఆట వద్దు, ఆ బట్టలు వద్దు... కొన్ని అవసరమే. అయితే ఏడాదికోసారైనా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, వీటిలో ఏది ఇంకా కావాలి, ఏది చెరిపేయొచ్చు అని అడిగి చూడండి. సాయంత్రం ఆటకు పంపే గంటతోనే మొదలుపెట్టొచ్చు.