మహబూబ్ అలీఖాన్ గారును మలక్‌పేట గుఱ్ఱములును

చాదర్‌ఘాటు వంతెన దాటి మలక్‌పేట వైపు పోవువారికి గుఱ్ఱపుపందెముల మైదానము కనబడును. ప్రతిదినము దాని గోడ ప్రక్కగా నడచువారు వేలకొలది గలరు గాని, ఆ మైదాన మచ్చటికి ఎట్లు వచ్చెనో యెఱిగినవారు కొలదిమంది. దానిని అచ్చటికి తెచ్చిన ప్రభువు ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ గారు. వారి చరిత్రమును గుఱ్ఱముల వైపునుండి యీ సంవత్సరము మా చదువరులకు చెప్పదలచితిమి. పందెములు కాయుటను మేము మెచ్చము. దానివలన చెడిన సంసారములు ఈ నగరముననే యెన్నియో గలవు. అయినను గుఱ్ఱము చేసిన తప్పేమియు లేదు గనుక దానిని గూర్చి వ్రాయుటకు సంకోచింపము.

మహబూబ్ అలీఖాన్ గారు 1866వ సంవత్సరము ఆగస్టు మాసమున పాతబస్తీలోని పురానీ హవేలీయందు జన్మించిరి. తండ్రి అఫ్జలుద్దౌలా గారు 1869 ఫిబ్రవరిలో గతించుటచే రెండున్నర యేండ్ల ప్రాయముననే సింహాసనము వీరికి సంక్రమించెను. బాలప్రభువు పెరుగువఱకు మొదటి సాలార్‌జంగు గారును, అమీరె కబీరు గారును రాజ్యభారమును వహించిరి. ఉర్దూ, పారసీక, ఆంగ్ల భాషలతోపాటు గుఱ్ఱపుస్వారియు వీరి విద్యలో చేరియుండెను. బాల్యముననే రాజ్యము గల పిల్లవానికి తనంతట తాను చేయదగిన పనులు మిక్కిలి తక్కువ. గుఱ్ఱమెక్కినప్పుడు మాత్రము కళ్లెము తన చేతిలోనిదే గదా. పిమ్మటి కాలమున వీరు పులివేటయందును గొప్ప పేరు గాంచిరి. ఆ వేటల ఛాయాచిత్రములను తీసిన లాలా దీనదయాళు గారి పేరు నేటికిని ప్రసిద్ధము.

1883 ఫిబ్రవరిలో సాలార్‌జంగు గారు మరణించిరి. మఱుసటి యేడు ఫిబ్రవరి 5వ తేదీన వైస్రాయి రిప్పన్ ప్రభువు హైదరాబాదునకు వచ్చి పదునేడేండ్ల నిజాము గారికి పూర్ణాధికారము లొసంగెను. ఆ యుత్సవమునకు వచ్చిన యతిథులలో విల్‌ఫ్రిడ్ బ్లంటు అను నాంగ్లేయుడును, ఆయన భార్య ఆన్ గారును ఉండిరి. ఈమె బైరను కవికి దౌహిత్రి. ఈ దంపతులు అరబ్బుదేశమున స్వయముగా తిరిగి మేలిజాతి గుఱ్ఱములను ఎంచుకొని, 1878లో ఇంగ్లండునందలి క్రాబెట్ అను తమ యెస్టేటున అరబ్బీ అశ్వముల పెంపకమును స్థాపించినవారు. గుఱ్ఱములను కొనువారి నగరమునకు గుఱ్ఱములను పెంచువారు అతిథులుగా వచ్చిరన్నమాట. మేము చెప్పదలచిన ముఖ్యాంశ మిచ్చటనే యున్నది.

మన దక్షిణదేశమున అశ్వమనగా నౌక దిగి వచ్చునదియే. కృష్ణదేవరాయలు హొర్ముజు గుఱ్ఱములకై పోర్చుగీసువారితో స్నేహము నెరపెను. కుతుబ్‌షాహీలును, అసఫ్‌జాహీలును అదే త్రోవను నడచిరి. భీమానదీ తీరమున పుట్టెడి దక్కనీ గుఱ్ఱములు పొట్టివైనను, గట్టి డెక్కలు గలిగి, కొలదిపాటి మేతతో దినమంతయు నడవగలవని పేరు పొందెను. మహారాష్ట్రుల దండులును, నిజాము దండులును వానిమీదనే దేశమంతయు తిరిగెను. నాందేడు ప్రాంతమున మాళెగాం ఖండోబా జాతరలో ఆ జాతి గుఱ్ఱముల బేరము పెద్దయెత్తున సాగుచుండెను. అయితే యుద్ధములు ఉడిగిన పిమ్మట వానిని శ్రద్ధగా పెంచువారు తగ్గిరి. ఏ పోతుగుఱ్ఱము దగ్గఱనున్న దానితోనే గోడిగను కలుపుటయు, మంచి పోతులను అమ్ముకొనుటయు పరిపాటియైన చోట జాతి క్షీణింపక మానదు.

మహబూబ్ అలీఖాన్ గారి దినములలో పందెపు గుఱ్ఱములు ముఖ్యముగా బొంబాయినుండియే వచ్చుచుండెను. పారసీక సింధుశాఖ రేవులనుండి అరబ్బు వర్తకులు వానిని ఓడలమీద తెత్తురు. 1874లో వాడీనుండి సికిందరాబాదునకు రైలుమార్గము పడినది మొదలు అవి మన నగరమునకు వచ్చుట సులభమయ్యెను. అప్పటికి పందెములు మౌలాలీయందు జరుగుచుండెను. అవి 1868లో మొదలయ్యెను. మౌలాలీ నగరమునకు దూరము. 1886లో నిజాము గారు పందెములను మలక్‌పేటకు మార్పించిరి. తమ మహబూబ్ మాన్షను అను భవనమునకు ఆ స్థలము సమీపముగా నుండుటయే దానికి కారణము. ప్రభువునకు ఇష్టమైన యాట ప్రభువు గుమ్మము కడకు వచ్చెననవచ్చును. కాని దానితోపాటు పాతబస్తీ ప్రజకును అది సమీపమయ్యెను.

ఇక గుఱ్ఱమును కొనుటకును, పుట్టించుటకును గల భేద మేమి? కొనువాడు కన్నులతో చూచి, కాళ్లు తడవి, పరుగెత్తించి ధర నిర్ణయించును. పుట్టించువాడు ఇంకను పుట్టని గుఱ్ఱమును గూర్చి తలపోయవలెను. ముఖ్యముగా దూరపు పందెమునకు, అనగా మైలున్నర, రెండుమైళ్లు, అంతకు మించిన దూరమునకు తగిన దమ్ముగల పిల్లను కోరునప్పుడు తండ్రిని ఎన్నుకొనుట కష్టతరమైన పని. ఐదు ఫర్లాంగులలో గాలివలె పోవు పోతుగుఱ్ఱము కంటికి ఇంపుగా నుండును; దాని పిల్లలు రెండేండ్లకే గెలిచి యజమానికి త్వరగా ధనము తెచ్చును. దూరపు గుఱ్ఱము మెల్లగా ఎదుగును. దాని నిజమైన బలము మూడు నాలుగేండ్లకు గాని బయటపడదు. అందుచే దమ్మును కోరువాడు తండ్రి గెలిచిన పందెముల లెక్కను మాత్రమే చూడక, అవి యెంతదూరపు పందెములో, చివరి రెండు ఫర్లాంగులలో అది యెట్లు పరుగెత్తెనో, ఎన్ని సంవత్సరములు కాళ్లు చెడక నిలిచెనో చూడవలెను. దాని తల్లి, ఆ తల్లి సంతతి ఎట్టివో విచారింపవలెను. స్వభావమును కూడ చూడవలెను. మొదటనే తొందరపడి కళ్లెము లాగికొను గుఱ్ఱము ఎంత ఊపిరి గలదైనను చివరకు అలసిపోవును. వీని యన్నిటికంటెను ముఖ్యమైనది దాని పిల్లల పరీక్ష. ఆ పిల్లలు పరుగెత్తు వఱకు తండ్రి గుణము ఊహయే. అప్పటికి ఐదాఱేండ్లు గడచిపోవును.

ఇందులకు గొప్ప యుదాహరణము నిజాము గారు అధికారము స్వీకరించిన 1884లోనే ఇంగ్లండున కలదు. సెయింట్ సైమన్ అను గుఱ్ఱము ఆ యేడు రెండున్నర మైళ్ల ఆస్కాట్ బంగారు గిన్నె పందెమును ఇరువది గుఱ్ఱపు నిడివుల తేడాతో గెలిచెను. ఒక్క పందెమునను అది యోడలేదు. పిమ్మట తండ్రిగా తొమ్మిది సంవత్సరములు ఆ దేశమున అగ్రస్థానము పొందెను. అందఱును దాని కొడుకుల కడకే తమ గోడిగలను పంపిరి. కొలదికాలములోనే దేశమంతయు దాని రక్తముతో నిండి, కలుపుటకు వేఱు రక్తము దొరకక, ఇంగ్లండున దాని పురుషసంతతి దాదాపు అడుగంటెను. ఇటలీలో మిగిలిన యొక శాఖనుండి 1952లో రిబో అను గుఱ్ఱము పుట్టి, పదునాఱు పందెములకు పదునాఱును గెలిచి ఆ వంశమును మరల నిలిపెను. మంచి తండ్రిని ఎన్నుకొన్నంతమాత్రాన పని తీఱదని, అందఱును ఒక్కనినే యెన్నుకొనుటయు కీడేయని పెంపకందారులు దానివలన నేర్చుకొనిరి.

మన రౌతులకు అరబ్బీ గుఱ్ఱముమీద గల భక్తి ఎఱిగినదే. ఎడారిలో దినములకొలది నడచు గుఱ్ఱము దూరపు పందెమున తప్పక గెలుచునని పలువురు తలచిరి. బ్లంటు గారును ఆ కోవలోనివాడే. ఆయన ప్రోత్సాహముచే 1884లో న్యూమార్కెట్టున అరబ్బీ గుఱ్ఱములకై రెండుమైళ్ల పందెము ప్రత్యేకముగా పెట్టబడెను. అందు గెలిచిన అసీల్ అను గుఱ్ఱమును మఱుసటి యేడు మూడుమైళ్ల దూరమున ఇయాంబిక్ అను సామాన్యపు ఆంగ్ల పందెపు గుఱ్ఱముతో పోటీపెట్టిరి. ఇయాంబిక్ వీపున 63 పౌనుల బరువు ఎక్కువ మోపిరి. అయినను అసీల్ చాల వెనుకబడి యోడిపోయెను. ఆంగ్లజాతి గుఱ్ఱములకును మూలపురుషులు తూర్పుదేశపు పోతులే. నేటి పందెపు గుఱ్ఱము లన్నియు బయర్లీ టర్కు, డార్లీ అరేబియను, గొడాల్ఫిన్ అరేబియను అను మూడింటి పురుషసంతతియే. కాని ఆ మూడింటి తరువాత రెండువందల యేండ్లు ప్రతి తరమునను ఏరి, కలిపి, పరీక్షించి, పనికిరానిదానిని త్రోసివేసిరి. అసీల్ ఓడినది ఇయాంబిక్‌కు కాదు, ఆ రెండువందల యేండ్ల ఏరుడునకు.

విజ్ఞానశాస్త్ర మీ విషయమున ఇటీవల కొంత వెలుగు చూపినది. 2010లో డబ్లిను విశ్వవిద్యాలయపు పరిశోధకులు కండల పెరుగుదలను నియమించు మయోస్టాటిన్ అను జన్యువునందు రెండు రూపములను కనుగొనిరి. ఒకదానిని సి యనియు, మఱియొకదానిని టి యనియు వ్యవహరింతురు. రెండును సి యైన గుఱ్ఱము తక్కువ దూరమునకును, రెండును టి యైనది ఎక్కువ దూరమునకును, ఒక్కొక్కటి గలది నడిమి దూరమునకును తగియుండును. పై తరగతుల విద్యార్థులు మెండెలు సూత్రమును ఇచ్చట ప్రయోగించి చూడవచ్చును. తల్లిదండ్రు లిద్దఱును మిశ్రమరూపము గలవారైనచో నాలుగు పిల్లలలో సగటున ఒకటి పొట్టిపరుగుదియు, ఒకటి దూరపుదియు, రెండు నడిమివియు నగును. అనుభవజ్ఞుడైన పెంపకందారుడు తొట్రుపడుచు వెదకినది కొంతవఱకు ఇదియే. అయితే ఊపిరి, గుండె, ఎముక, స్వభావము ఒక్క జన్యువు చేతిలోనివి కావు గనుక కన్నును చెవియు ఇంకను అవసరమే.

మరల మన నిజాము గారి కథకు వత్తము. వీరి ఔదార్యమును గూర్చి నగరమున కథలు లెక్కలేనన్ని. పాముకాటు తగిలినవారు వీరి పేరు చెప్పికొన్నచో విషము దిగునని జనులు నమ్మిరి. పురానీ హవేలీలోని వీరి వస్త్రముల బీరువాల వరుస నేటికిని చూచువారిని ఆశ్చర్యపఱచును. జేకబ్ వజ్రము బేరము వలన 1891లో కలకత్తా న్యాయస్థానమువఱకు వ్యవహారము పోయెను. పిమ్మట ఆ వజ్రము చెప్పు ముందుభాగమున దొరకెనని ప్రసిద్ధి. కొనుటలో ఇంతటి ప్రభువు మఱియొకరు లేరు. అశ్వముల విషయమున కూడ వీరిది కొనువాని చేయియేగాని, తరములకొలది వేచియుండు పెంపకందారుని చేయి కాదని మా యభిప్రాయము. ఇది నింద కాదు. అప్పటి రాజులలో మిక్కిలి కొలదిమంది మాత్రమే అట్టి ఓర్పు చూపిరి. కాని దక్కనీ గోడిగలకు తగిన పోతులను ఏరి యిచ్చుటకు ధనమును, భూమియు, కాలమును ఉన్న ఒక్క ప్రభుత్వము ఇదియే యగుటచే, ఆ యవకాశము జారిపోయినదని చింతింపక యుండలేము.

సైన్యమునకు సంబంధించినంతవఱకు వీరి పరిపాలనము వృథా పోలేదు. 1887లో సరిహద్దు రక్షణమునకై 60 లక్షల రూపాయలు ఇచ్చుటకు ముందుకు వచ్చిరి. ఆ పిమ్మట హైదరాబాదు లాన్సర్లు అను అశ్వదళములు సామ్రాజ్యసేవకై యేర్పడెను.

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి వేలమందిని పొట్టనబెట్టుకొనెను. ఆ దినములలో నిజాము గారు నిరాశ్రయులకు తమ భవనముల ద్వారములను తెఱపించిరి. మూడేండ్లు గడువకమునుపే, 1911 ఆగస్టు 29వ తేదీన, ఫలక్‌నుమా భవనమున నలువదియైదేండ్ల వయస్సున దివంగతులైరి. మక్కామసీదు ఆవరణమున తమ పూర్వుల సరసనే సమాధి చేయబడిరి.

వారి మరణానంతరము పందెములు మలక్‌పేటను విడిచి సికిందరాబాదు పెరేడు మైదానమునకు పోయెను. లాన్సర్లు మొదటి ప్రపంచయుద్ధమున పాలస్తీనా వఱకు పోయిరి. ఢిల్లీలోని తీన్‌మూర్తి స్మారకమునందు మైసూరు, జోధపురము దళములతోపాటు వారికిని స్థానము కలిగెను. 1961లో ఏర్పడిన హైదరాబాదు రేస్ క్లబ్బు 1968లో పందెములను మరల మలక్‌పేటకే తెచ్చెను. ఇప్పుడు అచ్చట తెల్లవాఱుజామున సాయీసులు త్రిప్పెడి గుఱ్ఱములు అరబ్బీ జాతివి కావు; భారతదేశపు పెంపకశాలలలో పుట్టిన ఆంగ్లజాతి గుఱ్ఱములు. ఒక్కొక్కదాని తండ్రి పేరును, తల్లి పేరును పందెపు పుస్తకమున దాని పేరు ప్రక్కనే అచ్చువేయబడియుండును.