విలియం లాంబ్టన్

లింగంపల్లికి పడమట కొంత దూరమున 78 డిగ్రీల తూర్పు రేఖాంశము పోవుచున్నది. అది కంటికి కానరాని గీత. ఆ గీతకు దగ్గరగా కన్యాకుమారి మొదలు హిమాలయముల వరకు మన నేలను కొలిచిరి. బిందువు, రేఖ, కోణము అని మనము బడిలో మొదట నేర్చు మూడు మాటలే ఆ మహాకార్యమునకు పునాది. దానిని ఆరంభించినవాడు విలియం లాంబ్టన్.

లాంబ్టన్ ఇంగ్లండులోని యార్కుషైరులో సామాన్య కుటుంబమున జన్మించెను. సైనికోద్యోగియై మన దేశమునకు వచ్చి, 1799లో శ్రీరంగపట్టణ యుద్ధమున పాల్గొనెను. యుద్ధము ముగిసిన పిమ్మట అతని మనస్సు భూమిని కొలుచుటపై నిలిచెను.

కొండలు, ఏరులు, అడవులు దాటి గొలుసుతో కొలుచుట సాధ్యము కాదు. కావున 1802లో మద్రాసు దగ్గర సుమారు ఏడున్నర మైళ్ల సరళరేఖ నొకదానిని 57 దినములు శ్రమించి కొలిచెను. అదియే ఆధారరేఖ. దాని రెండు కొనలు రెండు బిందువులు; దూరమున నున్న కొండశిఖరము మూడవ బిందువు. ఆ కొనలయొద్ద నిలిచి శిఖరమును చూచి కోణములను కొలిచినచో, త్రిభుజము యొక్క తక్కిన భుజములు లెక్కచే తెలియును. అట్లు తెలిసిన భుజమే మరియొక త్రిభుజమునకు ఆధారమగును.

కోణములను కొలుచు థియోడొలైటు యంత్రము అర టన్ను బరువుగలది. 1808లో తంజావూరు గోపురముపైకి దానిని ఎత్తుచుండగా త్రాడు తెగెను. యంత్రము గోడకు కొట్టుకొని, డిగ్రీల గుర్తులుగల వలయము వంకరపోయెను. వలయము చెడినచో కోణము తప్పును. కోణము తప్పినచో లెక్క యంతయు తప్పును. లాంబ్టన్ అధైర్యపడలేదు. ఆరు వారములు గుడారమున కూర్చుండి, తన చేతులతోనే ఆ వలయమును సరిచేసెను.

1815లో బీదరు సమీపమున మరియొక రేఖను గొలుసుతో కొలిచి, త్రిభుజముల లెక్కతో సరిచూచెను. అనంతరము హైదరాబాదు అతని పనికి కేంద్రమయ్యెను. జార్జి ఎవరెస్టు 1818లో సహాయకుడుగా నియమితుడై ఇచ్చటనే అతనిని చేరెను. వృద్ధాప్యమున రోగపీడితుడయ్యును లాంబ్టన్ విశ్రమింపక నాగపూరునకు బయలుదేరి, 1823 జనవరిలో త్రోవలో హింగన్‌ఘాటునందు కన్నుమూసెను. అతడు ప్రారంభించిన త్రిభుజముల వరుసను ఎవరెస్టు హిమాలయ పాదముల వరకు కొనిపోయెను.

బిందువునకు పరిమాణము లేదు. రేఖకు వెడల్పు లేదు. అయినను వానిని నమ్మి, చిన్న తప్పునైనను సహింపక పాటుపడిన వాని చేతిలో అవి దేశమునంతటిని కొలువగలిగినవి.