డాక్టరు ఐడా స్కడ్డరు

తెలుగునాట, విశేషించి చిత్తూరు, నెల్లూరు, కడప సీమలలో, రాయవేలూరు పేరు వినని కుటుంబము అరుదు. ఇంటిలో ఎవరికైనను కుదురని జబ్బు చేసినప్పుడు పెద్దలు రోగిని వెంటబెట్టుకొని వేలూరునకు పోవుట తరతరములుగా వచ్చుచున్న వాడుక. పాలారు నది చెంత వెలసిన ఆ పట్టణమునందలి క్రైస్తవ వైద్య కళాశాలయు, దానికి చేరిన ఆసుపత్రియు భారతదేశమున పేరుగన్న వైద్య సంస్థలలో చేరినవి. ఇంతటి సంస్థకు మూలము రాజాజ్ఞ కాదు. ధనవంతుని సంకల్పమును కాదు. సుమారు ఇరువదియేండ్ల కన్య యొకతె నిద్రలేక గడపిన ఒక్క రాత్రి దానికి మూలము. ఆ కన్య పేరు ఐడా సోఫియా స్కడ్డరు.

ఐడా 1870వ సంవత్సరము డిసెంబరు 9వ తేదీన ఆర్కాటు చెంతనున్న రాణిపేటలో జన్మించెను. ఆమె తాతయగు డాక్టరు జాన్ స్కడ్డరు న్యూయార్కు నగరమున వైద్యుడుగా నుండి, 1819లో ఆ వృత్తిని విడిచి, భార్యాసమేతుడై ఓడనెక్కి సింహళమునకును, పిమ్మట చెన్నపట్టణమునకును వచ్చి, రోగులకు చికిత్స చేయుచు క్రైస్తవ మతమును బోధించెను. ఆయన కుమారులలో ఏడుగురు భారతదేశముననే మిషనరీలై తండ్రి మార్గమును అనుసరించిరి. వారిలో ఒకడు ఐడా తండ్రి. తాతవలెనే ఆయనకును జాన్ అనియే పేరు, ఆయనయు వైద్యుడే. కావున ఐడా కూడ పెరిగి పెద్దదై ఆ పనికే పూనుకొనునని ఎల్లరును తలచుట సహజము. ఐడా మాత్రము అట్లు తలపలేదు.

దానికి కారణము లేకపోలేదు. ఆమెకు ఆరేడేండ్ల వయసున దక్షిణదేశమును మహాక్షామము పీడించెను. ధాత కరవని తెలుగువారు తరతరములుగా చెప్పుకొను కరవు అదియే. 1876 మొదలు 1878 వరకు సాగిన ఆ కరవులో లక్షల జనులు మరణించిరి. ఆకలిచే చిక్కి శల్యమైన బిడ్డలు స్కడ్డరు దంపతుల యింటికి వచ్చుచుండిరి. తమకు తాము తినుటకు సైతము శక్తి లేని ఆ పసివారి నోటికి చిన్నారి ఐడా రొట్టెముక్కలు అందించెను. బాటప్రక్కన పడియున్న బాలుర శవములను ఆమె కన్నులార చూచెను. ఆ దృశ్యములు ఆమె మనస్సున ముల్లువలె నాటుకొనెను.

అటుపిమ్మట ఆ కుటుంబము అమెరికాకు పోయెను. కొన్నియేండ్లకు తండ్రి తిరిగి భారతదేశమునకు వచ్చెను. కొంతకాలమునకు తల్లియు, కుమార్తెను చికాగో నగరమున బంధువుల యింట విడిచి, భర్తను చేరుకొనుటకు ఓడ యెక్కెను. తల్లి వెడలిన రాత్రి ఐడా ఆమె తలగడను కౌగిలించుకొని వెక్కివెక్కి యేడ్చెను. తల్లిదండ్రులను తననుండి దూరము చేసిన పనిపై ఆ బాలికకు ప్రీతి కలుగకపోవుటలో వింత లేదు. మసాచుసెట్సు రాష్ట్రమందలి నార్తుఫీల్డు బాలికల విద్యాలయమున చదువుకొను దినములలో ఆమె చురుకుదనమునకును, నవ్వు ముఖమునకును, కొంటెతనమునకును పేరుపడెను. అమెరికాలోనే స్థిరపడి, తన యిల్లు, తన సంసారము ఏర్పరచుకొని సుఖముగా జీవింపవలెనని ఆమె కోరిక. తాను మాత్రము మిషనరీ కానని ఆమె గట్టిగా నిశ్చయించుకొనెను.

1890లో తల్లికి జబ్బుగా నున్నదను వార్త వచ్చెను. ఐడా తల్లికి పరిచర్య చేయుటకు దక్షిణ ఆర్కాటు మండలమందలి తిండివనమునకు బయలుదేరెను. తల్లి కోలుకొనగానే తిరిగి పోవుట ఆమె ఉద్దేశము.

తిండివనములో ఒకనాటి రాత్రి ఐడా తన గదిలో దీపము చెంత కూర్చుండియుండగా ఒక బ్రాహ్మణ యువకుడు వాకిట నిలిచి ఆమెను పిలిచెను. అతని భార్య చిన్నపిల్ల. ప్రసవవేదనతో ప్రాణాపాయస్థితిలో నుండెను. మంత్రసాని తన చేతనైనదంతయు చేసి ఆశ వదలుకొనెను. అమెరికానుండి వచ్చిన దొరసాని కావున ఐడా వచ్చి కాపాడునని అతని ఆశ. తనకు వైద్యము తెలియదనియు, తన తండ్రి వైద్యుడు గనుక ఆయనను పిలుచుకొని పొమ్మనియు ఐడా చెప్పెను. పరపురుషుడు అంతఃపురమున ప్రవేశించుట తమ ఆచారము కాదని అతడు తల వంచుకొని వెడలిపోయెను.

కొంతసేపటికి మరల అడుగుల చప్పుడయ్యెను. ఈసారి వచ్చినవాడు ఒక మహమ్మదీయుడు. అతని భార్యకును అదే ఆపద. ఐడా తండ్రిని పిలిచెను. ఆయన ప్రక్కన నిలిచి సాయపడుటకు తానును వచ్చెదననెను. అతడును అంగీకరింపలేదు. అతడు పోయిన పిమ్మట మూడవవాడు వచ్చెను. అతడు మరియొక హిందూ కుటుంబమువాడు. అడిగినది అదియే; పొందిన సమాధానమును అదియే.

ఆ రాత్రి ఐడాకు కన్ను మూతపడలేదు. తన చుట్టునున్న మూడు ఇండ్లలో ముగ్గురు బాలికలు చావుబ్రతుకుల నడుమ కొట్టుకొనుచుండిరి. వైద్యము తెలిసిన తండ్రికి ఆ యిండ్ల తలుపులు మూయబడెను. తలుపులు తెరువబడిన తనకో, వైద్యము తెలియదు. ఆమె మోకరించి ప్రార్థించెను. ప్రార్థించుచునే తన మనస్సుతో పెనుగులాడెను. ఈ దేశమున ఉండుట ఆమె కోరినది కాదు. అమెరికాలో తన చెలికత్తెలు, తన సరదాలు, తాను కలగన్న జీవితము ఆమెను ఒకవైపు లాగుచుండెను. ఆ మూడు పిలుపులు వేరొకవైపు లాగుచుండెను.

తెల్లవారగనే వీధిలో తప్పెటల మ్రోత వినవచ్చెను. అది చావుమేళమని ఆమె ఎరుగును. గుండె దడదడలాడ సేవకుని పంపి విచారింపగా, రాత్రి తన్ను పిలిచిన ముగ్గురి భార్యలును మరణించిరని తెలిసెను. ఐడా గదిలోనికి పోయి తలుపు మూసికొని, ఈ దేశపు స్త్రీల దుస్థితిని గూర్చి చాలసేపు ఆలోచించెను, మరల ప్రార్థించెను. అనంతరము తల్లిదండ్రుల యొద్దకు పోయి, తాను అమెరికాలో వైద్యవిద్య నభ్యసించి, ఇట్టి స్త్రీలకు తోడ్పడుటకు తిరిగి వచ్చెదనని తెలిపెను.

జీవితమున పెద్ద నిర్ణయములు చేయవలసినప్పుడు దేవుని చిత్తమేదో వివేచించి తెలిసికొనవలెనని క్రైస్తవులు విశ్వసింతురు. అట్టి వివేచన అనగా ఆకాశవాణికై ఎదురుచూచుట కాదని ఐడా చరిత్ర తెలుపుచున్నది. ఆమెకు ఏ దేవదూతయు కనబడలేదు. కనబడినవారు ముగ్గురు సామాన్య మానవులు. వినబడినది తప్పెటల మ్రోత. తన యిచ్ఛ ఎట్టిదో ఆమె దాచుకొనలేదు. ఎదుటివారి అవసరమెట్టిదో చూడకుండ కన్నులు మూసికొననులేదు. ఆ పనికి తగిన శక్తి తనకు అప్పటికి లేదని గ్రహించి, దానిని సంపాదించుటకు పూనుకొనెను. జాలిచే కన్నీరు కార్చుట ఒక దినముతో ముగియును. ఆమె నిర్ణయము అట్టిది కాదనుటకు ఆమె తరువాతి నడవడియే సాక్ష్యము.

ఆమె వెంటనే ఓడ యెక్కలేదు. తల్లికి పరిచర్య చేయుట ఆమె అప్పటి కర్తవ్యము. కొన్నియేండ్లు తిండివనముననే యుండి, బాలికలకు చదువు చెప్పుచు గడపెను. అంతకాలము గడచినను ఆమె సంకల్పము చల్లారలేదు. 1895లో ఆమె ఫిలడెల్ఫియా నగరమందలి స్త్రీల వైద్య కళాశాలలో చేరెను. 1898లో న్యూయార్కునందలి కార్నెల్ వైద్య కళాశాల స్త్రీలను చేర్చుకొనుటకు ఆరంభింపగా అచ్చటికి మారి, 1899లో పట్టభద్రురాలయ్యెను. ఆ కళాశాలనుండి పట్టము నందిన మొదటి స్త్రీలలో ఆమె యొకతె.

స్వదేశమును విడుచుటకు ముందు, వేలూరులో స్త్రీలకు ఆసుపత్రి కట్టించుటకై ఆమె ధనము సేకరింప బూనెను. షెల్ అను వృద్ధ ధనికుడు చనిపోయిన తన భార్య జ్ఞాపకార్థము పదివేల డాలర్లు ఇచ్చెను. ఆ ధనముతో, ఆనీ హాన్‌కాక్ అను స్నేహితురాలితో, ఐడా 1900వ సంవత్సరారంభమున వేలూరు చేరెను.

తండ్రి చెంత కొంతకాలము అనుభవము గడించి పిమ్మట స్వతంత్రముగా పనిచేయవచ్చునని ఆమె ఆశించెను. కాని కొలది మాసములకే ఆయన కాలధర్మము నొందెను. ఇరువదితొమ్మిదేండ్ల యువతి ఒంటరిగా నిలిచెను. తండ్రిని నమ్మిన జనులు కుమార్తెను నమ్ముటకు మొదట జంకిరి. ఏ స్త్రీలకొరకై తన సుఖమును వదలుకొని వచ్చెనో, ఆ స్త్రీలే తన వాకిటికి రాకపోయినచో ఎంతటి దృఢచిత్తమైనను సడలును. ఐడా సడలలేదు. ఇంటిలోని చిన్న గదినే వైద్యశాలగా చేసికొని, వచ్చినవారికి ఓర్పుతో చికిత్స చేసెను. ఒకరి కుదిరిన జబ్బు పదిమందిని రప్పించెను. రెండేండ్లలో ఆమె చికిత్స చేసిన రోగులు సుమారు అయిదువేలమంది. 1902లో షెల్ ఆసుపత్రి నలువది పడకలతో వెలసెను.

పట్టణమునకు రాలేని గ్రామస్థులకొరకు ఆమె తానే బయలుదేరెను. మొదట ఎద్దుబండిలోను, 1909 నుండి మోటారుకారులోను, గుడియాత్తము బాటవెంట చెట్ల నీడలలో ఆగుచు, అచ్చట వేచియున్న రోగులకు మందు లిచ్చుచు, కట్లు కట్టుచు పోవుచుండెను. ఆ సంవత్సరముననే దాదులకు శిక్షణమిచ్చు పాఠశాలను నెలకొల్పెను.

అయినను పనికి అంతు కనబడలేదు. తిండివనములో ఆ రాత్రి వచ్చినవారు ముగ్గురే. దేశమంతట అట్టివారు లక్షలు. తానొక్కతె ఎన్ని యిండ్లకు పోగలదు? ఈ దేశపు కన్యలే వైద్యులైనగాని ఆ తలుపులన్నియు తెరువబడవని ఆమె గ్రహించెను. స్త్రీలకు వైద్య పాఠశాల పెట్టుటకు అనుమతి కోరగా, ముగ్గురు విద్యార్థినులు దొరకుటయే గగనమని ప్రభుత్వ వైద్యాధికారి శంకించెను. 1918 ఆగస్టు 12వ తేదీన పాఠశాల ప్రారంభమయ్యెను. ఆ మొదటి యేట చేరగోరినవారు 151 మంది! స్థలము చాలక పెక్కుమందిని త్రిప్పి పంపవలసి వచ్చెను. 1922లో పదునలుగురు కన్యలు చదువు ముగించి వైద్యురాండ్రై వెడలిరి.

వృద్ధాప్యమున ఐడాకు మరియొక కఠిన నిర్ణయము ఎదురయ్యెను. 1930ల చివర మద్రాసు ప్రభుత్వము వైద్యవిద్యా నియమములను మార్చెను. పూర్వపు చిన్న పట్టము ఇక చెల్లదు, విశ్వవిద్యాలయపు ఎం.బి.బి.యస్. పట్టమునకు తగినట్లు సంస్థను పెంచవలెను, లేదా మూసివేయవలెను. పెంచుటకు ధనము కావలెను, ఆచార్యులు కావలెను, పడకలు కావలెను. పురుషులకును ప్రవేశము కల్పించి, పలు క్రైస్తవ సంఘములు కలసి నడపినచో సంస్థ నిలుచునని కొందరు సూచించిరి. స్త్రీలకొరకే పుట్టిన సంస్థను స్త్రీలకే యుంచవలెనని చిరకాల మిత్రులు కొందరు పట్టుపట్టిరి. ఐడా మనస్సు సహజముగా మిత్రుల వైపే మొగ్గినది. అయినను ఆనాటి రాత్రివలెనే ఈసారియు ఆమె తన యిచ్ఛను ప్రక్కనుంచి అవసరమును చూచెను. రోగులకు వైద్యము అందుట ముఖ్యము. తన కలలోని రూపమే నిలువవలెనను పట్టుదల ముఖ్యము కాదు. ఆమె మార్పునకు అంగీకరించి, ఏడుపదుల వయసున అమెరికాకు పోయి, ఊరూర తిరిగి ధనము సేకరించెను. 1942లో ఎం.బి.బి.యస్. తరగతులు ఆరంభమయ్యెను. 1947లో పురుష విద్యార్థులును చేరిరి.

1946లో ఐడా పదవినుండి విరమించెను. అనంతరము ఆ సంస్థకు సంచాలకురాలైన మొదటి భారతీయ వనిత డాక్టరు హిల్డా లాజరస్. ఆమె విశాఖపట్టణమున జన్మించిన వైద్యురాలు. తాను ప్రారంభించిన పనిని ఈ దేశపు స్త్రీ చేతులలో చూచుటకంటె ఐడాకు వేరు సన్మానమేమి కావలెను? 1960 మే మాసమున, ఎనుబదితొమ్మిదేండ్ల వయసున, కొడైకెనాలులో ఆమె కన్నుమూసెను.

ఐడా వివాహమాడలేదు, తాను ఒకప్పుడు కలగన్న గృహమును కట్టుకొనలేదు. వదలుకొన్నది స్వల్పమని చెప్పరాదు. కాని యౌవనమున ఒక రాత్రి తన వాకిట నిలిచి పిలిచినవారిని ఆమె జీవితాంతము మరువలేదు. ఆనాడు చేతకాదని త్రిప్పి పంపిన ముగ్గురికి ఆమె తన జీవితమునంతటిని బదులుగా ఇచ్చెను. ఏ మార్గమున పోవలెనో తెలియక యువతీయువకులు తల్లడిల్లునప్పుడు, సమాధానము దూరముననుండి వచ్చునని ఎదురుచూతురు. ఒక్కొక్కప్పుడు అది వాకిటి చెంతనే, సాయము కోరు మనుష్యుని రూపమున నిలిచియుండును. తలుపు తీసి చూచుటకు ధైర్యము కావలెను. చూచినదానిని మరువక పనిలో పెట్టుటకు ఓర్పు కావలెను. ఈ రెండును ఐడా స్కడ్డరులో ఉండెను.