పసివాళ్ళను చూడటం నేర్పిన వైద్యుడు - లియో కానర్

శాస్త్రజ్ఞుడు అనగానే మనకు మైక్రోస్కోపూ, టెస్టుట్యూబులూ గుర్తుకొస్తాయి. అవేమీ లేకుండా, కేవలం చూపుతోనూ ఓపికతోనూ ఒక కొత్త అధ్యాయాన్ని తెరిచినవారు అరుదు. అలాంటి అరుదైన మనిషి డాక్టర్ లియో కానర్. పసివాళ్ళలో ఆటిజం అనే స్థితిని 1943లో వివరంగా లోకం ముందు పెట్టింది ఈయనే. జువాలజీ విద్యార్థిగా, వ్యవసాయ కుటుంబంలో పుట్టినవాడిగా ఈయన జీవితం నన్ను ఎంతో ఆకట్టుకుంది. ఆయన గొప్పతనాన్నీ, ఆయన చేసిన పొరపాటునూ రెంటినీ మన సావనీరు పాఠకుల ముందుంచటమే నా ఉద్దేశం.

కానర్ 1894 జూన్ 13న క్లెకోటువ్ అనే చిన్న పల్లెలో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. అప్పుడది ఆస్ట్రియా-హంగేరీ సామ్రాజ్యంలోది, నేడు ఉక్రెయిన్‌లో ఉంది. కుర్రతనంలో ఆయనకు కవి కావాలని మహా కోరిక. ఆ కోరిక తీరలేదు. బెర్లిన్‌లో వైద్యం చదువుతుండగా మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి సైన్యంలోకి వెళ్ళాల్సి వచ్చింది. తిరిగొచ్చి 1921లో డాక్టరు పట్టా పుచ్చుకున్నాడు. కొంతకాలం అక్కడి షారిటే ఆసుపత్రిలో గుండెకు సంబంధించిన పని చేశాడు. జర్మనీలో డబ్బు విలువ పడిపోయి బతుకు దుర్భరమైన రోజులవి. 1924లో కుటుంబంతో అమెరికా వెళ్ళి, సౌత్ డకోటా రాష్ట్రంలోని యాంక్టన్ మానసిక వైద్యశాలలో చేరాడు. మనోవైద్యాన్ని ఆయన నేర్చుకున్నది అక్కడి రోగుల మధ్యనే.

1928లో బాల్టిమోర్ నగరంలోని జాన్స్ హాప్కిన్స్‌లో అడాల్ఫ్ మేయర్ అనే పెద్దాయన దగ్గర చేరాడు. రెండేళ్ళకే, అంటే 1930లో, అక్కడి పిల్లల ఆసుపత్రిలో పిల్లల మనసుకోసం ఒక ప్రత్యేక విభాగాన్ని ఆరంభించాడు. 1935లో ఇంగ్లీషులో మొట్టమొదటి బాల మనోవైద్య పాఠ్యగ్రంథం రాశాడు.

ఆయన గది దాటని డాక్టరేమీ కాదు. బుద్ధిమాంద్యం ఉన్న ఆడపిల్లల్ని ఒక లాయరు ప్రభుత్వ సంస్థ నుంచి కోర్టు ద్వారా విడిపించి, డబ్బున్నవాళ్ళ ఇళ్ళకు జీతంలేని పనిమనుషులుగా పంపుతున్నాడు. ఆ తర్వాత వాళ్ళు వీధుల పాలయ్యారు. అలా బయటికెళ్ళిన 160 మందికి పైగా బతుకులు ఏమయ్యాయో వెతికించి, 1937లో ఆ సంగతి బయటపెట్టాడు కానర్. బుద్ధి ఎదగని పిల్లల్ని చంపేయటమే దయ అని 1942లో ఒక పేరున్న డాక్టరు వాదిస్తే, అదే వైద్య పత్రికలో దాన్ని గట్టిగా ఖండించాడు.

ఇక అసలు విషయానికి వస్తాను. 1938లో మిసిసిపీ రాష్ట్రంలోని ఫారెస్ట్ అనే చిన్న ఊరి నుంచి కానర్‌కు ఒక ఉత్తరం వచ్చింది. టైపు చేసిన 33 పేజీలు! రాసినాయన వృత్తికి లాయరు. ఐదేళ్ళ కొడుకు డోనాల్డ్ ట్రిప్లెట్ గురించి తాను చూసిందంతా ఆ తండ్రి పూసగుచ్చినట్టు రాశాడు. పిల్లవాడు ఏడాది వయసులోనే పాటల వరసలు తప్పులేకుండా కూనిరాగం తీసేవాడు. విన్నది మరిచేవాడు కాదు. కానీ అమ్మానాన్నలు వచ్చినా పోయినా పట్టించుకునేవాడు కాదు. గుండ్రంగా తిరిగే వస్తువేదైనా కనబడితే దాంతోనే లోకం. తను అనుకున్న వరస తప్పితే మాత్రం పెద్ద గొడవ.

మరొకరైతే అంత పొడవు ఉత్తరాన్ని పక్కన పడేసేవారేమో. కానర్ దాన్ని చదివాడు, పిల్లవాణ్ణి రప్పించి చూశాడు. తర్వాత అలాంటి పిల్లలు ఒక్కొక్కరే వచ్చారు. ఎనిమిది మంది మగపిల్లలు, ముగ్గురు ఆడపిల్లలు, మొత్తం 11 మంది మీద 1943లో వ్యాసం ప్రచురించాడు. ఆటిజం అనే మాట ఆయన పుట్టించింది కాదు. స్విట్జర్లాండ్ డాక్టరు బ్లాయిలర్ పెద్దల మానసిక జబ్బును వర్ణించేందుకు దాన్ని ముందే వాడాడు. 1925లోనే రష్యాలో సుఖరేవా అనే డాక్టరమ్మ ఇలాంటి పిల్లల గురించి రాసింది కూడా. అయితే ఈ స్థితి పుట్టుక నుంచే ఉన్నదనీ, మధ్యలో వచ్చిన మతిభ్రమణం కాదనీ శైశవంలోకి వెళ్ళి చూసింది కానరే.

ఆయన చూపు ఎంత సూక్ష్మమైనదో ఒక్క ఉదాహరణ చెబుతాను. ఎత్తుకుందామని చేతులు చాచితే నాలుగు నెలల బిడ్డయినా భుజాలు కదిల్చి, ఒళ్ళు బిగబట్టి సిద్ధమవుతుంది. మనం రోజూ చూసేదే, ఎవరం పట్టించుకోం. ఈ పిల్లల్లో చాలామంది అలా సిద్ధపడేవారు కాదని తల్లులు చెబితే, కానర్ దాన్ని గుర్తుగా రాసుకున్నాడు. తనని తాను నువ్వు అనటం, విన్న మాటనే తిరిగి చెప్పటం కూడా ఆయన రాసిన లక్షణాలే.

ఇంత చూసినాయనే ఒకచోట దారి తప్పాడు. ఆ తల్లిదండ్రులు చాలామంది చదువుకున్నవాళ్ళు, పైకి ప్రేమ చూపనివాళ్ళు అని రాశాడు. తర్వాతి సంవత్సరాల్లో ఆ మాటకు మరింత పదును పెట్టాడు. దాంతో రిఫ్రిజిరేటర్ తల్లులు అనే నింద లోకమంతా పాకింది. తల్లి మనసు చల్లబడబట్టే బిడ్డ ఇలా అయ్యాడని రెండు దశాబ్దాలకు పైగా డాక్టర్లే చెప్పారు. ఎందరు తల్లులు కుమిలిపోయారో! మా పిన్ని కొడుక్కి మూడేళ్ళొచ్చినా మాట రాకపోతే, పెంపకం సరిగా లేదని ఊళ్ళో అందరూ ఆమెనే అన్నారు. కానర్ పేరైనా వినని పల్లెలో కూడా అదే నింద ఉంది. అందుకే ఈ భాగం చదువుతుంటే నాకు కోపం వచ్చింది.

కానీ ఆయన అక్కడే ఆగిపోలేదు. ఆటిజం శరీరంలో, మెదడులో ఉన్న సంగతి అని 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ అనే తండ్రి పుస్తకం రాస్తే దానికి ముందుమాట రాసిచ్చాడు. 1969లో తల్లిదండ్రుల సభలో నిలబడి, తప్పు మీది కాదని ఒప్పుకున్నాడు. 1977లో కవల పిల్లల మీద జరిగిన పరిశోధన వంశపారంపర్యానికి ఇందులో పెద్ద పాత్ర ఉందని తేల్చింది. కానర్ 1981 ఏప్రిల్‌లో కన్నుమూశాడు.

నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి వేరే ఉంది. డోనాల్డ్‌ను కొన్నేళ్ళు ఒక రైతు దంపతుల దగ్గర ఉంచారు. 1945లో కానర్ అక్కడికి వెళ్ళి చూశాడు. పిల్లవాడికి కొలతల పిచ్చి అని వాళ్ళు బావి తవ్వించి లోతు చెప్పమన్నారు. మొక్కజొన్న సాళ్ళు అదేపనిగా లెక్కపెడుతుంటే, దున్నుతూ లెక్కపెట్టమన్నారు. డాక్టరు చూస్తుండగానే ఆ కుర్రాడు గుర్రాన్ని నేర్పుగా తిప్పుతూ ఆరు పొడవాటి సాళ్ళు దున్నాడు! సాలు చివర పశువును మళ్ళించటం ఎంత కష్టమో దుక్కి దున్నినవాడికే తెలుస్తుంది. ఆ పిల్లవాడి అలవాటును మాన్పకుండా దానికొక పని చూపించారు ఆ రైతులు. కానర్ ఆ సంగతిని 1971లో మెచ్చుకుంటూ రాశాడు. డోనాల్డ్ పెద్దయి బ్యాంకులో ఉద్యోగం చేశాడు, కారు నడిపాడు, దేశాలు తిరిగాడు, 2023లో 89 ఏళ్ళ వయసులో పోయాడు.

నేడు గుర్తులను ఇంకా ముందే చూస్తున్నారు. 1994లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు మొదటి పుట్టినరోజు వీడియోలు చూశారు. తర్వాత ఆటిజం ఉందని తేలిన 11 మంది, మామూలుగా ఎదిగిన 11 మంది. వేలు పెట్టి చూపటం, వస్తువు తెచ్చి చూపటం, ఎదుటివారి ముఖం చూడటం, పిలిస్తే తిరగటం - ఈ నాలుగింటిలో తేడా ఏడాదికే కనబడింది. 16 నుంచి 30 నెలల పిల్లలకోసం 20 ప్రశ్నల పట్టిక ఒకటి ఇప్పుడు చాలా దేశాల్లో వాడుకలో ఉంది. దానికి జవాబిచ్చేది తల్లిదండ్రులే. నా దృష్టిలో ఆ పట్టిక ఆనాటి 33 పేజీల ఉత్తరానికి మనవరాలు. పట్టికతోనే జబ్బు తేలదు, డాక్టరు చూడాలి. మన దేశంలో 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకు వైద్య బృందాలు వస్తున్నాయి. ఎదుగుదలలో ఆలస్యం కూడా వాళ్ళు చూడవలసిన వాటిలో ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని గుర్తించింది.

మిత్రులారా, మనలో రేపు డాక్టర్లు, టీచర్లు అయ్యేవారున్నారు. ఒక తల్లి వచ్చి తన బిడ్డ పిలిస్తే తిరగటం లేదని చెబితే, ఆమె మాట చివరిదాకా వినండి. కానర్‌కు పేరు తెచ్చింది ఆ వినటమే. ఆయనకు మచ్చ తెచ్చింది, విన్నవాడే తిరిగి వాళ్ళను వేలెత్తి చూపటం.