గాలిని ఆరబెట్టిన మనిషి - విల్లిస్ కారియర్

హైదరాబాదు వెళ్ళి మాదాపూర్, గచ్చిబౌలి చూసి వచ్చిన వాళ్ళు ముందుగా చెప్పేది అద్దాల మేడల గురించి. ఆ అద్దాల్లో చాలావరకు తెరుచుకునేవి కావు. బయట 42 డిగ్రీల ఎండ కాస్తున్నా లోపల కంప్యూటర్ల ముందు స్వెటరు వేసుకుని కూర్చున్న వాళ్ళు కనిపిస్తారు. దీనికంతటికీ మూలపురుషుడు ఒక రైతు కొడుకు అంటే నమ్ముతారా?

విల్లిస్ కారియర్ 1876వ సంవత్సరం నవంబరు 26న అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని అంగోలా అనే ఊళ్ళో జన్మించాడు. తల్లిదండ్రులకు ఒక్కడే సంతానం. చిన్నప్పుడు అతనికి భిన్నాలు బొత్తిగా బోధపడేవి కావు. తల్లి ఎలిజబెత్ అతని చేత ఆపిల్ పళ్ళు తెప్పించి సగాలు, పావులు, అరపావులుగా కోసి, ఆ ముక్కలతోనే కూడికలు, తీసివేతలు చేయించింది. పలక మీద రాని లెక్క పండు మీద వచ్చేసింది! ఇంట్లో గడియారాలు చెడిపోతే బాగుచేసేది కూడా ఆమే. కారియర్‌కు పదకొండేళ్ళప్పుడు ఆ తల్లి చనిపోయింది.

ఇంట్లో డబ్బులేదు. పోటీ పరీక్ష రాసి స్కాలర్‌షిప్ సంపాదించి కార్నెల్ విశ్వవిద్యాలయంలో చేరాడు. ఖర్చుల కోసం పచ్చిక కోశాడు, పొయ్యిలు రాజేశాడు, తోటి విద్యార్థుల బట్టలు ఉతికే లాండ్రీ నడిపాడు. 1901లో ఇంజనీరై బఫెలో ఫోర్జ్ అనే కంపెనీలో వారానికి 10 డాలర్ల జీతానికి కుదిరాడు.

మరుసటి ఏడు బ్రూక్లిన్‌లోని ఒక అచ్చు కంపెనీ నుంచి విచిత్రమైన కష్టం వచ్చింది. రంగుల బొమ్మ అచ్చువేయాలంటే ఒక్కో రంగూ విడివిడిగా, ఒకదాని తర్వాత ఒకటి పడాలి. ఉక్క రోజుల్లో కాగితం తేమ పీల్చి సాగేది, పొడి రోజుల్లో ముడుచుకునేది. దాంతో ఎరుపు ఒకచోట, పసుపు ఇంకోచోట పడేవి. మన గోడ పత్రిక వాళ్ళకి ఈ బాధ వేరే చెప్పాలా? వానాకాలంలో డ్రాయింగు షీటు అలలు తేలి, స్కెచ్ పెన్ను సిరా పక్కకి పాకడం మనం చూస్తూనే ఉన్నాం.

కారియర్ ఏం చేశాడంటే, చల్లటి నీళ్ళు పారే గొట్టాల మీదుగా గాలిని పంపించాడు. చల్లటి గ్లాసు బయట చెమట పట్టినట్టు గాలిలోని తేమ ఆ గొట్టాల మీద నీరై కారిపోయింది. గాలి చల్లబడింది, పొడిబారింది కూడా. గదిలో తేమ ఎప్పుడూ 55 శాతం ఉండేలా లెక్క కట్టాడు. ఆ పటాలు 1902 జులై 17న పూర్తయ్యాయి. ఏ.సి. పుట్టినరోజు అదే. చూశారా, మొదటి ఏ.సి. మనుషుల సుఖానికి కాదు, కాగితం సుఖానికి!

ఆ ఏడే పిట్స్‌బర్గ్ రైల్వే ప్లాట్‌ఫారం మీద మంచులో నిలబడి ఉండగా ఇంకో సంగతి తట్టింది. చల్లటి నీటి తుంపరలోంచి గాలిని పంపినా దానిలో ఎంత తేమ మిగలాలో మనమే నిర్ణయించవచ్చు. నీళ్ళతో గాలిని ఆరబెట్టడం! దీనికి 1906లో పేటెంటు వచ్చింది. ఎయిర్ కండిషనింగ్ అనే పేరు మాత్రం ఆయనది కాదు, అదే ఏడు స్టూవర్ట్ క్రామర్ అనే బట్టల మిల్లుల ఇంజనీరు పెట్టింది. 1915లో కారియర్‌తో కలిపి ఏడుగురు ఇంజనీర్లు 32,600 డాలర్లతో సొంత కంపెనీ పెట్టుకున్నారు. 1922లో పెద్ద భవనాలకు పనికొచ్చే సెంట్రిఫ్యూగల్ చిల్లర్ చూపించాడు. 1925లో న్యూయార్క్‌లోని రివోలీ సినిమాహాలులో దాన్ని నడిపినప్పుడు, విసనకర్రలతో వచ్చిన జనం కాసేపటికి వాటిని ఒళ్ళో పెట్టేసుకున్నారు. 1950 అక్టోబరు 7న ఆయన కన్నుమూశాడు.

1998లో మాదాపూర్ రాళ్ళగుట్టల మధ్య సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక చుట్టూ అలాంటి భవనాలు వరసగా లేచాయి. పెద్దవాటికి చిల్లర్లు, ఫ్లాట్లకి స్ప్లిట్ ఏ.సి.లు. ఏ.సి. చలిని తయారు చెయ్యదు, లోపలి వేడిని బయటికి మోసుకుపోతుంది, అంతే. ఆ వేడి బయటి పెట్టెలోంచి వీధిలో కూర్చున్న వాచ్‌మన్ మీదికి వస్తుంది. ఇది కారియర్ లెక్కలో లేని వాటా. టన్ను అంటే కూడా బరువు కాదు. 907 కిలోల ఐసు ఒక రోజులో కరగడానికి ఎంత వేడి కావాలో అంత వేడిని లాగే శక్తి.

మన ఊళ్ళ నుంచి ఈ పనికి పోయే అన్నలున్నారు కాబట్టి పనిలో సంగతులు కొన్ని. ఎండాకాలం రాగానే కొందరు మెకానిక్కులు గ్యాసు అయిపోయిందని ఏటేటా డబ్బు గుంజుతారు. గ్యాసు పెట్రోలులా ఖర్చయ్యేది కాదు, మూసిన గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. సబ్బు నురగ రాసి బుడగ ఎక్కడ లేస్తుందో చూసి, దాన్ని మూసి, పంపుతో గొట్టాల్లోని గాలి లాగేసి, అప్పుడు గ్యాసు తూకం వేసి నింపేవాడే పనివాడు. ఇంటివాళ్ళు కూడా అతన్ని ఇవే అడగాలి, ఏ గ్యాసు ఎంత పోశాడో బిల్లు మీద రాయించుకోవాలి. ఆర్-32 గ్యాసు అంటుకునే రకం, దాని దగ్గర నిప్పు కూడదు. వాడకం రోజుల్లో ఫిల్టరు 15 రోజులకోసారి నీళ్ళతో కడిగి నీడన ఆరబెడితే సగం రిపేర్లు రావు. నీళ్ళ గొట్టం మూసుకుపోతే గోడ తడిసిపోతుంది. ఆ కారే నీళ్ళు 1902లో కారియర్ గాలిలోంచి పిండిన తేమలాంటివే.

బయటి పెట్టె చాలాసార్లు ఏడో అంతస్తులోనో పదో అంతస్తులోనో గోడకి వేలాడుతుంది. బెల్టు, తాడు లేకుండా బాల్కనీ దాటి కాలు పెట్టమంటే ఒప్పుకోవద్దు, వాటిని తేవలసింది పనికి పిలిచిన కాంట్రాక్టరే. ఐ.టి.ఐ.లో ఈ ట్రేడు రెండేళ్ళు, పదో తరగతి పాసైన వాళ్ళు చేరవచ్చు.